మియా షెరీమ్‌లో ఓ శుక్రవారం

జెరూసలేం పాతబస్తీ గోడ దాటి కాస్త దూరం నడిస్తే మియా షెరీమ్ వస్తుంది. 1874లో కట్టుకున్న పేట. వీధి మొదట్లోనే పెద్ద బోర్డు: ఒళ్లు కనపడే బట్టలతో లోపలికి రావద్దని. గోడల నిండా నల్లక్షరాల పోస్టర్లు. శుక్రవారం కదా, పొద్దు వాలకముందే షట్టర్లు పడిపోతున్నాయి.

నాకు దారి చూపించింది కోనసీమ అమ్మాయి. దగ్గర్లోనే ఓ పెద్దాయన్ని చూసుకునే పనిలో ఉంది.

"ఇక్కడ చాలామంది మగాళ్లు పనికెళ్లరండీ. రోజంతా మతగ్రంథాలే చదువుతారు. ఇల్లు నెట్టుకొచ్చేది ఆడాళ్లే" అంది.

నిజమే. ఈ హరేదీ యూదుల్లో ఆడవాళ్లు నూటికి 80 మంది దాకా ఉద్యోగం చేస్తే, మగవాళ్లు సగానికి కాస్త ఎక్కువ. ఒక్కో తల్లికి సగటున ఆరుగురికి పైనే పిల్లలు. మరి పూట ఎలా గడుస్తుంది?

సర్కారు ఇచ్చే భత్యాలు కొంత. ఆపైన ‘గెమాఖ్’లు. అంటే వడ్డీ లేకుండా అప్పిచ్చే సంఘాలు. డబ్బే కాదు, పెళ్లి గౌను, ఉయ్యాల, మందులు కూడా ఇస్తాయి.

ఇంత సాయం ఊరికే దొరికితే ఎవరైనా వచ్చి చేరిపోరూ? అక్కడే ఉంది కిటుకు. నల్లకోటు, ఇంటర్నెట్ లేని ఫోను, బయటివాళ్లతో కలవకపోవడం... ఇవన్నీ ఒకరకంగా ప్రవేశ రుసుము. తీసుకుని జారుకునేవాళ్లు ఆ రుసుము కట్టలేరు. ఈ మాట 1992లో లారెన్స్ ఇయానకోన్ అనే ఆర్థికవేత్త చెప్పాడు. బయటి సొమ్ము పెరిగేకొద్దీ నియమాలు ఇంకా బిగుస్తాయని 2000లో ఎలీ బెర్మన్ ఇక్కడి పాఠశాలలనే చూపించి వాదించాడు.

1948లో సైన్యం నుంచి మినహాయింపు పొందిన విద్యార్థులు 400 మంది. తర్వాత అది వేలు దాటింది. 2024లో సుప్రీంకోర్టు, వీళ్లూ సైన్యంలో చేరాల్సిందేనంది.

అసలు మూల్యం కట్టేది మాత్రం పిల్లలు. చాలా మగపిల్లల బడుల్లో పదమూడేళ్లు దాటాక లెక్కలు, ఇంగ్లీషు దాదాపు ఉండవు. రేపు బయటికెళ్దామన్నా చేతిలో పని ఉండదు.

సైరన్ మోగింది. సబ్బాతు మొదలైంది. కిటికీల్లో దీపాలు.

"ఇక్కడ ఆకలైతే పక్కింటోళ్లు తలుపు తీస్తారండీ" అంది ఆ అమ్మాయి, నడుస్తూనే. "కానీ ఒకసారి కాదని వెళ్లిపోయినోడికి, ఇంట్లోవాళ్లు కూడా తీయరు."