పిల్లలతో లండన్‌లో... మన అమరావతి రాళ్ల దగ్గర

చిన్నపిల్లల్ని వెంటేసుకుని విదేశాలేమిటి, డబ్బు దండగ అని మీతోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు. "వాళ్లకేం గుర్తుంటుంది, ఏడుపులు మిగులుతాయి" అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ నా అనుభవంలో తెలిసిందొకటి చెప్తాను వినండి. అంత పెద్ద ఊరంతా చూపించాలనుకుంటే మనకీ, పిల్లలకీ అలసటే. అక్కడ వాళ్లు గుర్తుపట్టగలిగేది ఒక్కటి చూపించినా చాలు, ప్రయాణం దండగ కాదు.

మా వదినగారు, అంటే మావారి అక్కయ్య, లండన్‌కి తూర్పున ఈస్ట్‌హామ్‌లో ఉంటారు. మే నెల సెలవుల్లో ఎనిమిదేళ్ల అమ్మాయి, అయిదేళ్ల బాబుతో అనకాపల్లి నుంచి బయల్దేరాం.

ముందు సామాను సంగతి. మన ఊరి బెల్లం, జంతికలు, బెల్లం గవ్వలు నిక్షేపంగా పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టెలో పెట్టకండి. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం అక్కడికి తేనివ్వరు. మే నెలే కదా అని స్వెట్టర్లు మానేయకండి. మనకి ఎండలు మండే రోజుల్లో అక్కడ సాయంత్రమైతే చలిగాలి.

మొదటి రెండు రోజులు ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. ఇక్కడ ఉదయం ఆరున్నర అయితే, వేసవిలో అక్కడ అర్ధరాత్రి దాటి రెండు గంటలు. మా వాళ్లిద్దరూ సరిగ్గా రెండింటికి లేచి కూర్చుని "ఆకలి" అన్నారు! అందుకే పడుకునే ముందే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోవడం మంచిది. మే నెలాఖరుకి రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోదు. కిటికీకి మందపాటి దుప్పటి కడితే తప్ప పిల్లలు నిద్రపోరు.

ప్రయాణాల ఖర్చు పిల్లలకి కలిసొస్తుంది. పదకొండేళ్లలోపు వాళ్లకి సిటీ బస్సుల్లో టికెట్ లేదు. టికెట్ కొన్న పెద్దవాళ్లు ఒకరు వెంట ఉంటే, నలుగురు పిల్లల దాకా భూగర్భ రైల్లోనూ ఉచితమే. 2014 నుంచి బస్సుల్లో చిల్లర డబ్బులు తీసుకోవడం లేదు, బ్యాంకు కార్డు చూపించాలి. చాలా రైలు స్టేషన్లలో లిఫ్టు ఉండదు. చంటిపిల్ల తోపుడుబండి ఉంటే ఆ మెట్లతో ప్రాణం విసిగిపోతుంది. అలాంటప్పుడు బస్సే నయం. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు దొరికిందా, ఇక పిల్లలకి వేరే వినోదం అక్కర్లేదు.

రోజుకి ఒక్క చోటు, మధ్యాహ్నం ఏదైనా పార్కు. ఇదే మేం పెట్టుకున్న పద్ధతి. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం పైకప్పు నుంచి వేలాడుతుంటుంది. దాన్ని చూసి మా బాబు నోరు తెరిచాడు. దానికీ టికెట్ లేదు, బ్రిటిష్ మ్యూజియానికీ లేదు.

బ్రిటిష్ మ్యూజియంలో అందరి పిల్లల్లాగే మావాళ్లూ ముందు ఈజిప్టు మమ్మీల దగ్గరికే పరుగెత్తారు. తర్వాత వదినగారు మమ్మల్ని 33ఎ అనే గదికి తీసుకెళ్లారు. అద్దాల వెనక మన అమరావతి స్తూపం శిల్పాలు! చూడ్డానికి పాలరాయిలా ఉంటాయి గానీ పల్నాటి సున్నపురాయి. ఒక పలక మీద స్తూపం మొత్తం చెక్కి ఉంది. దాన్ని చూసి మా బాబు "అమ్మా, బొజ్జన్నకొండ!" అని అరిచాడు. గదిలో వాళ్లందరూ ఇటు తిరిగారు.

పెద్దది మాత్రం నవ్వలేదు. "మనవైతే ఇక్కడెందుకున్నాయమ్మా?" అంది.

నాకు తెలిసింది దాచకుండా చెప్పాను. 1797లో మెకంజీ అనే దొర వెళ్లేసరికే అక్కడి జమీందారు కట్టడాల కోసం ఆ దిబ్బని తవ్విస్తున్నారు. 1845లో ఇలియట్ దొర తవ్వించి శిల్పాల్ని మద్రాసు పంపారు. 1859లో అవి ఓడెక్కి లండన్ చేరాయి, 1880 నుంచి ఆ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. "మనవాళ్లూ విలువ తెలుసుకోలేదు, వాళ్లూ అడక్కుండా పట్టుకొచ్చారు" అన్నాను.

"మరి తిరిగి ఇచ్చేస్తారా?"

ఏం చెప్పను? అన్నాళ్లుగా భద్రంగా ఉన్నందుకు సంతోషించాలో, అంత దూరంలో అద్దాల వెనక ఉన్నందుకు బాధపడాలో నాకే తెలియలేదు. "అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు తల్లీ. నువ్వు పెద్దయ్యాక నువ్వూ అడుగు" అన్నాను. అది అక్కడే నేలమీద కూర్చుని తన పుస్తకంలో ఆ స్తూపం బొమ్మ గీసుకుంది. దాని పక్కన "మనది" అని రాసుకుంది.

బాబు అంత తేలిగ్గా ఎలా గుర్తుపట్టాడంటే, వాడు బొజ్జన్నకొండ ఎక్కి ఉన్నాడు కనుక. మా ఊరి పక్క శంకరం గ్రామంలో ఉంది ఆ కొండ. సంఘారామం అన్న మాటే శంకరం అయిందంటారు. కొండరాతినే తొలిచి చేసిన స్తూపాలు, గుహలు, బుద్ధుడి విగ్రహాలు అక్కడున్నాయి. పక్కనే లింగాలకొండ మీద వరసగా చిన్న చిన్న రాతి స్తూపాలు. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపించారు. ఈ కొండ చూడని పిల్లవాడికి లండన్‌లో ఆ పలక ఒక రాయి, అంతే.

అందుకని మీలో ఎవరైనా పిల్లల్తో దూరదేశం వెళ్లే ఆలోచనలో ఉంటే, వీసా కాగితాలతో పాటు ఈ పని కూడా చూసుకోండి. ఒక ఆదివారం అన్నం డబ్బాలు కట్టుకుని మీ ఊరి పక్కనున్న పాత గుడికో, కోటకో, కొండకో పిల్లల్ని తీసుకెళ్లండి. బుద్ధుడిదైతే అమరావతి, శాలిహుండం, తొట్లకొండ ఉండనే ఉన్నాయి. ఇక 33ఎ గది ఒక్కోరోజు మూసి ఉంటుంది, వెళ్లే ముందు కనుక్కోండి. పెద్దదాని ప్రశ్నలాంటిది మీ పిల్లలూ వేస్తారు. ఏం చెప్పాలో ముందే ఆలోచించి పెట్టుకోండి!