పాదాలు మెచ్చిన నేల

మా పాత ఇంటి నేలంతా తాండూరు నాపరాయి. తరతరాల నడకకు కూడ దాని గరుకుదనం పూర్తిగా పోలేదు. వేసవి మధ్యాహ్నాలలో చాప లేకుండానే అది మాకు పడక అయ్యేది. అయినప్పటికీ 2019లో ఇంటిని బాగుచేయించినప్పుడు, అద్దంవలె మెరిసే విట్రిఫైడ్ టైల్స్‌పై మనసు పడ్డాము. "కంటికి బాగున్నాయి బేటా, కాలిని అడిగారా?" అన్నారు మా దాదీ. మేము నవ్వి ఊరుకున్నాము.

ఆ చలికాలంలో ఒకనాడు ఫజర్ నమాజుకు వజూ చేసి, తడి పాదాలతో వస్తూ దాదీ జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. దోషం టైల్స్‌ది కాదు. పొడిగా ఉండే గదులకు అవి తగినవే, మరకలను పీల్చుకోవు. తడి తగిలే చోట వాటిని పరిపించిన దోషం మాది.

వజూ చేసే చోటా, నడవాలోనూ మరల గరుకు నాపరాయే వేయించాము. నీరు నిలువకుండా పది అడుగులకు ఒకటిన్నర అంగుళాల వాలు పెట్టించాము. ప్రతి బండనూ కర్రతో తట్టి చూశాము. డొల్లమోత వస్తే అడుగున మాలు నిండలేదని గుర్తు. అట్టివాటిని తీయించి మరల వేయించాము. వారం రోజులు అతుకులను తడిపాము. నాపరాయి సున్నపురాయి జాతికి చెందినది. యాసిడ్ దానిని తినివేస్తుంది. కనుక పలుచని సబ్బునీటితోనే కడుగుతున్నాము.

చేతికర్ర ఊతంగా తొలిసారి ఆ బండలపైకి వచ్చిన నాడు దాదీ ఏమీ అనలేదు. చెప్పులు విడిచి, కొంతసేపు అక్కడే నిలబడ్డారు.

రేపు ఇల్లు కట్టుకోబోయే విద్యార్థి మిత్రులారా, నేలను ఎన్నుకొనే ముందు ఇంటిలోని వృద్ధులను ఒక్క మాట అడగండి.