మూడవ కాలు

మన తెలుగు నేలపై కర్ర చేయని పని లేదు. గొల్లవాని భుజాన గొంగడి, చేతిలో కర్ర. కావలివానికి కర్ర. ఒకనాడు పటేలు చేతికర్ర చప్పుడు వినపడితే అరుగు మీది జనం లేచి నిలిచేవారు. బడిపంతులు బెత్తము సంగతి విద్యార్థులకు మేము వేరుగా చెప్పనక్కర లేదు. ఇన్ని కర్రలకు లేని చిన్నతనము, నడక కొరకు పట్టిన కర్రకు మాత్రమే ఎందుకు అంటగట్టబడినదో మాకు నేటికీ బోధపడలేదు. ముసలివాని చేతిలో ఉంటే మూడవ కాలని పరిహసిస్తారు. ముప్పది దాటిన మనిషి చేతిలో కనిపిస్తే జాలిపడతారు. పరిహాసము భరించవచ్చును గాని ఆ జాలి బరువైనది.

ఉర్దూలో చేతికర్రను ‘అసా’ అంటారు, చంకకర్రను ‘బైసాఖీ’ అంటారు. మొదటిది గౌరవవాచకమే. మూసా ప్రవక్త (అలైహిస్సలాం) చేతిలోనిది అసాయే. ఆయన దానిపై ఆనుకొనేవారనీ, మందకు ఆకు రాల్చేవారనీ, ఇతర పనులకు కూడ వాడేవారనీ ఖురానులో ప్రస్తావన ఉన్నది. మా దోమకొండ చేలగట్లపై నేటికీ గొర్రెలకాపరి తుమ్మకొమ్మ వంచి ఆకు రాల్చేది అటువంటి కర్రతోనే. ఆనుకొనుట అన్నది దాని పనులలో ఒకటి, అంతే. అందులో అవమానమెక్కడిది?

2022 వర్షాకాలములో కామారెడ్డి నుండి ఇంటికి వస్తుండగా వాన తడిసిన ఒక మలుపులో స్కూటరు జారి మా ఎడమ తొడ ఎముక విరిగినది. నగరములో శస్త్రచికిత్స జరిగినది, ఎముకలో లోహపు కడ్డీ అమర్చినారు. ఆపైన కొన్ని వారములు మంచము, తరువాత వాకరు, తరువాత మోచేతి కర్రలు. ఎముక అతుకుకున్నది. కాలు మాత్రము అరంగుళము పొట్టి అయినది, తుంటి కండరములు పూర్వపు బలమును తిరిగి పొందలేదు.

ఆ కాలములో మమ్ములను నొప్పి కంటె ఎక్కువగా బాధించినది నిరీక్షణ. తమ్ముడు పని నుండి వచ్చువరకు స్నానము లేదు. మిత్రుడెవరైన బండి తెచ్చువరకు కళాశాల లేదు. ఫజర్ అజాన్ చెవిన పడేది. మసీదు రెండు వీధుల అవతలనే ఉన్నది. కాని ఆ చీకటిలో ఎవరిని లేపుట? నిలువలేనివాడు కూర్చొని, కూర్చొనలేనివాడు పడుకొని నమాజు చేసుకొనవచ్చునని షరీఅత్ ఎంతో దయతో అనుమతించినది. ఆ అనుమతిని వినియోగించుకున్నాము. అయినను పడకపై నుండి వినిన అజాన్‌కు, చెప్పులు తొడుగుకుంటూ వినిన అజాన్‌కు భేదమున్నది. భుజము ఇచ్చినవారందరూ ప్రేమతోనే ఇచ్చినారు. వారి ఋణము తీరదు. కాని ఇంకొకరి భుజము పట్టి నడిచేవాడు వారి వేగముతో, వారికి తీరిన వేళకు, వారు పోయే చోటికే పోవలసి ఉంటుంది. దారిలో ఒక్క క్షణము ఆగి వేపపూతను చూడవలెనన్నను వారి ముఖము వైపు ఒకసారి చూడవలెను.

మోచేతి కర్రలు వదలిన పిమ్మట ఒక చేతికర్ర పట్టుమని వ్యాయామ చికిత్సకుడు చెప్పినప్పుడు ఇంట చిన్న గలాటా జరిగినది. కర్ర పట్టితే కుంటితనము ఖాయమైనట్లేనని పెద్దలు బెంగపడినారు. “ఇంకొన్ని దినాలు ఓపిక పట్టు బేటా, దానంతట అదే సర్దుకుంటుంది” అన్నది అమ్మీ. ఇది మా ఇంటి మాట మాత్రమే కాదు, లోకమంతటి మాట. అందుకే కాబోలు, 1956లో వాల్టర్ బ్లౌంట్ అను అమెరికా శస్త్రవైద్యుడు చేతికర్రను పారవేయవద్దని అర్థము వచ్చు శీర్షికతోనే ఎముకల వైద్యుల పత్రికలో ఒక వ్యాసము వ్రాసినాడు.

కర్ర పట్టుటలో ఒక శాస్త్రమున్నది. ఎడమ కాలికి దెబ్బ తగిలితే కర్ర కుడిచేత పట్టవలెను. వినినవారు చాలమంది నమ్మరు. సినిమాలలో సైతము దెబ్బ తగిలిన వైపే పట్టిస్తారు. కారణము ఏతము తెలిసిన రైతుకు ఇట్టే అర్థమగును. ఒంటికాలిపై నిలిచినప్పుడు దేహభారము ఆ తుంటిని ఒక ప్రక్కకు వంచజూస్తుంది, తుంటి కండరములు రెండవ ప్రక్క నుండి లాగి నిలుపుతాయి. ఆ కండరముల చేయి పొట్టిది కనుక వాటి శ్రమ పెద్దది. ఎదుటి చేతిలోని కర్ర తుంటికి దూరమున నేలను నొక్కుతుంది. ఏతపు పొడవైన కొసను అదిమినట్లు, కొద్ది బలముతోనే పెద్ద బరువు తేలికపడుతుంది. కర్ర ఎత్తు నిలుచున్న మనిషి మణికట్టు వరకు ఉండవలెను. అడుగున రబ్బరు తొడుగు అరగకుండ చూచుకొనవలెను. మెట్లు ఎక్కునప్పుడు మంచి కాలు ముందు, దిగునప్పుడు దెబ్బకాలు, కర్ర ముందు. మాకు అమరినది 34 అంగుళముల కర్ర.

దానితో తొలిసారి ఒంటరిగా బస్టాండు వరకు నడిచిన దినము మాకు చక్కగా జ్ఞాపకమున్నది. గడికోట రాతిగోడ వెంబడి నడిచినాము. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారములలో గుర్తింపు పొందిన మా ఊరి కోట అది. అరుగులపై బీడీలు చుట్టుచున్న స్త్రీలు చేతులు ఆపి చూచినారు. ఒక వృద్ధుడు తన కర్రను మా కర్ర ప్రక్కన నిలిపి, పొడవులు పోల్చి, “నీదే మంచిగున్నది సారూ” అన్నాడు. ఆ దినమున మాకు లభించిన సానుభూతులన్నిటిలో మేము స్వీకరించినది అది ఒక్కటే. బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉన్నది. కుడి కాలు ముందు పెట్టినాము. ఎక్కినాము. కామారెడ్డికి టికెట్టు మేమే అడిగి తీసుకున్నాము. ఎవ్వరూ మమ్ములను తీసుకొని పోలేదు. మేము పోయినాము. ఈ రెండు క్రియల నడుమ ఎంత దూరమున్నదో భాష చెప్పుకొని బ్రతికేవారమైన మాకు ఆనాడే తెలిసినది.

తరగతిలో విద్యార్థులు అతి వినయముగా లేచినారు. మేము కుర్చీలో కూర్చొనగానే ఒక శిష్యుడు ఎంతో భక్తితో మా చేతికర్రను తీసుకొని, భద్రముగా, గది ఆ చివరి మూలన నిలిపి వచ్చినాడు! ఆ గంట మేము నల్లబల్ల వద్దకు పోలేకపోయినాము. కనుక విద్యార్థులారా, ఒక మాట: కర్ర పట్టినవాని కర్ర ముట్టకండి. చక్రముల కుర్చీలో ఉన్నవారి కుర్చీని అడగకుండ తోయకండి. మీకు అది వస్తువు, వారికి అవయవము.

మన తెలంగాణములో దీనికి పెద్ద నిదర్శనము కీర్తిశేషులు ఎస్. జైపాల్ రెడ్డి. పద్దెనిమిది నెలల ప్రాయమున పోలియో సోకినవారు. ఉస్మానియాలో ఎం.ఏ. చదివి, 1969 నుండి కల్వకుర్తి ప్రజల ప్రతినిధిగా నాలుగు పర్యాయములు శాసనసభకు పోయినారు. 1980లో మన పొరుగు మెదక్‌లో సాక్షాత్తు ఇందిరాగాంధీపై పోటీకి నిలిచి ఓడినారు. పిమ్మట పార్లమెంటు సభ్యులై, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్‌గా ఎంపికై, కేంద్రమంత్రిగా పనిచేసి, 2019లో కన్నుమూసినారు. ఆయన కర్ర ఊతతో సభలోకి వచ్చేవారు. లేచి మాట్లాడునప్పుడు మాత్రము వినేవారికి ఆ పదసంపద తప్ప మరొకటి జ్ఞాపకముండేది కాదు.

‘మయూరి’ చిత్రము మన తల్లిదండ్రులకు తెలిసినదే. 1981లో బస్సు ప్రమాదమున కాలు కోల్పోయిన నర్తకి సుధాచంద్రన్ జైపూర్ పాదముతో తిరిగి నాట్యమాడిన కథను సింగీతం శ్రీనివాసరావు 1985లో తెలుగున తీసినారు. ఆ పాదమును 1968 ప్రాంతమున రూపొందించినవారు ఇద్దరు: వైద్యుడు పి.కె. సేఠీ, పెద్ద చదువులు లేని హస్తకళాకారుడు రామచంద్ర శర్మ. 1981లో మెగసెసే పురస్కారము వైద్యునికి వచ్చినది. శిల్పి పేరు కూడ అంతగా తెలియవలసి ఉండెనని మా అభిప్రాయము. విదేశీ కృత్రిమ పాదము బూటు లేనిదే పనికిరాదు. రబ్బరు, కొయ్యలతో చేసిన ఈ పాదము బురదపొలములో వట్టికాలుగా నడువనిస్తుంది, గొంతుక్కూర్చొననిస్తుంది, బాసిపట్టు వేయనిస్తుంది. నేలపై కూర్చొని తిని, నేలపై మోకరిల్లి ప్రార్థించే జనుల కొరకు ఆ జనుల మధ్యనే పుట్టిన వస్తువది.

2011 తరువాత మన దేశమున సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు నమోదు కాలేదు, 2014లో దేశము పోలియో రహితమని ధ్రువీకరణ లభించినది. అంతమాత్రమున ఊతకర్రల అవసరము తీరలేదు. మధుమేహము, రహదారులు ఆ కొరతను పూడ్చుచున్నవి.

ఇక కమిటీ పెద్దలకు ఒక విన్నపము. కర్ర ఇచ్చిన స్వేచ్ఛను మెట్టు తీసుకొనగలదు. మా కళాశాల పాత భవనము ముందు మూడు మెట్లున్నవి, పట్టుకొనుటకు కమ్మీ లేదు. మా వరకు ఎట్లో గడుపుకొనుచున్నాము. కాని గత సంవత్సరము మూడు చక్రముల బండిపై వచ్చు ఒక విద్యార్థిని చేరినది. బండి ఆమె చేతులతో నడుచును, ఊరి నుండి గేటు వరకు ఎవరి సాయమూ అక్కర లేదు. మెట్ల దగ్గర మాత్రము అన్న వచ్చి ఎత్తుకొనువరకు ఆగవలెను. అతడు ఆలస్యమైన దినమున మొదటి గంట పోవును. ఆమె మాతో ఎన్నడును ఫిర్యాదు చేయలేదు, గడియారము చూచుకొనుట మాత్రము మేము చూచినాము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విద్యాలయములలో సుగమమైన దారి ఉండవలెనని చెప్పుచున్నది. చట్టము మాట అటుంచి లెక్క చూతము. వాలుదారికి ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావలెను. మూడు మెట్లు కలిపి అడుగున్నర ఎత్తు, కనుక 18 అడుగుల వాలు చాలును. భవనము నుండి వేపచెట్టు వరకు ఉన్న జాగాను మొన్న సాయంకాలము మా కర్రతోనే కొలిచినాము. తొమ్మిది కర్రల పొడవు వచ్చినది, అనగా 25 అడుగులన్నర. చెట్టును కొట్టనక్కర లేదు.