దేహవీణకు అభ్యంగనం

బొబ్బిలి గొల్లపల్లిలో ఒక వృద్ధ శిల్పి ఉన్నారు. యౌవనం నుండి నేలపై కూర్చుండి, పనస మ్రానును తొలిచి, ఒకే దుంగలో ఏకాండి వీణలను మలచిన చేతులు ఆయనవి. వయస్సు డెబ్బయి దాటిన పిమ్మట సంధివాతం మోకాళ్ళను పట్టింది. పని బల్లమీదికి మారితే సహించారు. ప్రాతఃకాల జపానికి నేలపై కూర్చోలేకపోవడం మాత్రం దుస్సహమైంది. "ఆసనం లేనివాడికి జపమేమిటి?" అని జపమాలను మందసంలో పెట్టివేశారు.

కుమారుడు నువ్వులనూనె కాచి తెచ్చి, "కాళ్ళు చాపండి నాన్నా" అన్నాడు.

"ఒకరిచేత కాళ్ళు పట్టించుకునే గతి నాకింకా రాలేదు."

నొప్పి మోకాలిది, ఆ మాట అహంకారానిది.

ఒకనాడు మోకాలు ఎర్రగా వాచి, వేడిగా ఉండగా ఆయనే నూనె పోసుకొని గట్టిగా రుద్దుకున్నారు. రాత్రికి బాధ ద్విగుణమైంది. వైద్యుడు మందలించాడు: "వాపు, వేడిమి ఉన్నప్పుడు మర్దనం తగదు. అవి శమించాక గోరువెచ్చని నూనెతో, మృదువుగా, మోకాలి చుట్టూ ఉన్న కండరాలను పట్టించాలి. అరిగిన మృదులాస్థి తిరిగి పెరగదు; బిగుసుకున్న కండరం సడలితే నొప్పి కొంత తగ్గుతుంది."

శాస్త్రమూ ఈ వివేకాన్నే బోధిస్తుంది. చరకుడు అభ్యంగన ఫలాన్ని చెబుతూ, నూనె పట్టిన కుండను, తోలును, బండి ఇరుసును ఉపమానాలుగా చూపాడు. నిత్యాభ్యంగనం జరను, శ్రమను, వాతాన్ని హరిస్తుందన్న వాగ్భటుడే, అజీర్ణంలోనూ కఫపీడలోనూ దానిని వర్జించమన్నాడు. మాధవకరుడు విశదీకరించిన ఆమవాతంలో తొలుత తైలం కాక, ఇసుక మూటతో పొడి కాపడమే విహితం. ఔషధమైనా కాలమెరిగి వాడవలసినదే.

ఈ మర్మం శిల్పికి తెలియనిది కాదు. వీణ మెట్లను నిలిపే మైనం చల్లారితే బిగుస్తుంది. వెచ్చజేస్తేనే చేతికి లొంగుతుంది. బలప్రయోగం చేస్తే పగులుతుంది. ఆ మెట్లు ఇరవైనాలుగు. గీత పదమూడవ అధ్యాయంలో క్షేత్రమని చెప్పబడిన తత్త్వాలూ ఇరవైనాలుగే. ఇన్నేళ్ళు వీణకు చూపిన ఆదరాన్ని ఈ క్షేత్రానికి ఎన్నడైనా చూపామా అని ఆయనకు తోచింది.

మరునాటి ఉదయం ఆయనే కాళ్ళు చాపారు. కుమారుని అరచేయి మోకాలి చుట్టూ మెల్లగా తిరిగింది. పావుగంట గడిచాక వావిలాకు వేసి కాచిన నీటితో స్నానం. సేవ చేయడం ధర్మమైతే, ఆ సేవకు అవకాశమివ్వడమూ ధర్మమే. ఇచ్చుటలో అహంకారం దాగగలదు. వినయంగా స్వీకరించుటలో అది కరుగుతుంది.

నొప్పి పూర్తిగా పోలేదు, కొంత తగ్గింది. నేలపై కూర్చోవడం ఇక సాధ్యం కాదు. అయితే పతంజలి ఆసనానికి స్థైర్యం, సుఖం అనే రెండు లక్షణాలనే చెప్పాడు, నేలను విధించలేదు. నేడు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుంటున్నారు. మందసంలోని జపమాల తిరిగి చేతికి వచ్చింది. నొప్పి వచ్చినప్పుడు దానిని చూస్తున్నారు; చూచేవాడికి కీళ్ళు లేవు.

స్వస్తి.