రెండు పేర్లు, ఒకే నాన్న

మా నాన్న పేరు పాసుపుస్తకంలో వెంకయ్య, ఆధార్ కార్డులో వెంకన్న, ఊళ్లో అందరికీ ఎంకన్న. ఎలా పిలిచినా పలికే మనిషి ఒక్కడే! కానీ కిందటేడు తొలకరిలో పంట రుణానికి వెళితే, కౌంటరులో ఆయన కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, "ఈ వెంకయ్య ఎవరయ్యా?" అన్నాడు. నాన్న నవ్వబోయి ఊరుకున్నాడు. డబ్బు చేతికొచ్చేసరికి అదను దాటిపోయింది. విత్తనాలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవలసి వచ్చింది.

ఈ ఇంటి గోడు ఇక్కడెందుకంటారా? ఇదే పేచీ నాకు కంప్యూటర్ లాబులో మళ్లీ ఎదురైంది. ఇంగ్లీషులో "రికార్డ్" అని పెద్ద ఆర్‌తో ఒక ఫోల్డరు, చిన్న ఆర్‌తో ఒకటి పెట్టుకున్నాను. లినక్స్ వాటిని వేరువేరుగా ఉంచింది. పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తే అది రెండూ ఒకటేనంది. ఒకే పేరున్న ఫైళ్లలో ఒకదానిమీద ఒకటి పడి నా ప్రయోగాల లెక్కలు పోయాయి. ఒకటి కౌంటరు చూపు, మరొకటి ఊరి చెవి!

2019లో లినక్స్ 5.2తో, ఈఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థలో కోరుకున్న ఫోల్డరుకు ఊరి చెవి పెట్టే వీలొచ్చింది. పోల్చేటప్పుడు మాత్రం పేర్లను ఒకే రూపానికి తెస్తారు. డిస్కుమీద మనం రాసిన రూపం చెక్కుచెదరదు. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేకపోయినా మనకూ ఇందులో పనుంది. "కై"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. కంటికి ఒకటే, యంత్రానికి రెండు. ఈ పద్ధతి వాటినీ కలుపుతుంది.

అసలు చిక్కు పేర్లకు తాళం వేసినప్పుడు వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైళ్లతోపాటు వాటి పేర్లనూ రహస్యలిపిలో దాస్తారు. ఒక్క అక్షరం పెద్దదైనా రహస్యరూపం మారిపోతుంది. ఇక రెండూ ఒకటేనని పోల్చేదెలా?

2021లో లినక్స్ 5.13తో ఈఎక్స్‌టీ4కు జవాబు దొరికింది. పేరును ముందు ఒకే రూపానికి తెచ్చి, రహస్యపు తాళంచెవి కలిపి ఒక ఆనవాలు సంఖ్య కడతారు. దాచిన పేరు పక్కనే ఆ సంఖ్యను 8 బైట్లలో రాసి ఉంచుతారు. తాళంచెవి ఉన్నవాడు ఏ అక్షరాలతో అడిగినా అదే సంఖ్య వస్తుంది, ఫైలు దొరుకుతుంది. చెవి లేనివాడికి ఆ సంఖ్య చూసి పేరు ఊహించే దారి లేదు.

కౌంటరులో ఆయన్ని తప్పుపట్టను. ఎవరి పేరుతోనో ఎవరో అప్పు ఎత్తుకుపోతే మునిగేదీ మా నాన్నలాంటి వాడే. జాగ్రత్త ఉండాల్సిందే. కానీ జాగ్రత్తకూ, మనిషిని గుర్తుపట్టడానికీ పొత్తు కుదరదన్నమాట అబద్ధమని నాకీ చదువు చెప్పింది. నియమం ముందే రాసుకుంటే రెండూ కుదురుతాయి. యంత్రానికే నేర్పగలిగాం, మన కాగితాలకు నేర్పలేమా?

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. అంతా విని, "అయితే దానికి నేనెవరో తెలుసన్నమాట" అన్నాడు.