సోఫా వెనక జాగా

కోఠి గుజరాతీ గల్లీలో అడుగు పెడితే ముందు తగిలేది సోల్డరింగ్ వాసన. కాలిన రోజిన్ పొగ, కొత్త ప్లైవుడ్, ఫెవికాల్. 2013 ఎండాకాలమంతా ఆ వాసన నా చొక్కాలకి అంటుకునే ఉండేది. హైదరాబాదులో కరెంటు కోతల రోజులవి. గల్లీలో ఎటు చూసినా జనరేటర్లే. ఆ మోతలో స్పీకరు విని ఎంచుకోవడం కుదరదని తెలిసినా వెళ్లేవాణ్ణి. ఇంట్లో సినిమాలు చూడటానికి ముందువైపు మూడు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫరు అప్పటికే ఉన్నాయి. ఇక కావలసినవి వెనకవి.

"వెనకకి ఏదైతే ఏంది బేటా, చిన్నవి రెండు పెట్టు, బస్" అన్నాడు అక్కడి ఒక షాపు పెద్దాయన. నుదుటి మీదికి తోసుకున్న కళ్లజోడు గుర్తుంది. పేరు గుర్తులేదు, అసలు అడిగానో లేదో. ఆ మాట ఆయన కాలానికి నిజమే. 1987లో వచ్చిన డాల్బీ ప్రొలాజిక్‌లో వెనక రెండు పెట్టెలు పెట్టుకున్నా రెండింట్లోనూ మోగేది ఒకే శబ్దం. అదీ ఏడువేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోయేది. దానికి ఏ చిన్న స్పీకరైనా చాలు. డీవీడీలతో పాటు డాల్బీ డిజిటల్, డీటీఎస్ ఇళ్లలోకి వచ్చాక వెనక ఎడమ వేరు, కుడి వేరు అయ్యాయి. ముందువాటికి వచ్చినంత నిండు శబ్దం వెనకవాటికీ రావడం మొదలైంది. బజారులో మాత్రం పాత మాటే నిలిచిపోయింది.

అయితే ఆ పెద్దాయన దగ్గరే నేను ఎన్నో నేర్చుకున్నాను. పెట్టెను పక్కనుంచి వేలి కణుపుతో కొట్టి వినేవాడు. డొల్లగా మోగితే పక్కన పెట్టేసేవాడు. కోను చుట్టూ ఉండే మెత్తటి అంచుని బొటనవేలితో నొక్కి చూపించాడు. "ఇది ఫోమ్. మన ఎండకి, వానకి కొన్నేళ్లలో పొడైపోతది. రబ్బరు చూసి తీసుకో" అన్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక పెన్సిల్ సెల్లు తీసి, స్పీకరు వైర్లని దాని రెండు కొసలకీ ఆనించాడు. టక్‌మని కోను బయటికొచ్చింది. వైర్లు మార్చి ఆనిస్తే లోపలికి పోయింది. రెండు పెట్టెల్లో ఒకదానికి ప్లస్సు, మైనస్సు తారుమారైతే ఒకటి బయటికి తోసేటప్పుడు రెండోది లోపలికి లాగుతుంది, శబ్దంలో పస పోతుంది. ఇప్పటికీ ఎవరింట్లో స్పీకర్లు బిగించినా నా జేబులో ఒక సెల్లు ఉంటుంది.

మా తెనాలి సినిమా హాళ్లలో శబ్దం తెర వెనకనుంచే వచ్చేది. పక్క గోడలకి స్పీకర్లు ఉండేవేమో, నాకు జ్ఞాపకం ఉన్నది ఫ్యాన్ల చప్పుడు. వెనకనుంచి ఏదో వినబడి మొదటిసారి నేను మెడ తిప్పి చూసింది 2003లో, ప్రసాద్స్ ఐమాక్స్ తెరిచిన కొత్తలో. సినిమా ఏదో మరిచిపోయాను. పక్క సీట్లో పెద్దావిడ కూడా నాతోపాటే వెనక్కి తిరిగింది. ఆ రోజు అదే గొప్ప అనుకున్నాను. సినిమాకి శబ్దం కూర్చేవాళ్లు అలా జరగకుండా జాగ్రత్తపడతారని చాలా ఏళ్లకి చదివాను. చూసేవాడి కళ్లు తెర వదిలి తలుపు మీది ఎగ్జిట్ బోర్డు వైపు పోతాయి కాబట్టి దాన్ని ఎగ్జిట్ సైన్ ఎఫెక్ట్ అంటారట. వెనక పెట్టెల్లోకి వాళ్లు ఎక్కువగా పంపేది వాన, కీచురాళ్లు, జనం గోల, గుడి గోపురం కింద మాట ప్రతిధ్వనించే తీరు. ఈ సంగతి తెలిశాక నా వెతుకులాట దారే మారింది. గట్టిగా మోగేవి కాదు, అక్కడున్నాయని గుర్తు చెయ్యనివి కావాలి.

కోఠి నుంచి డిపాజిట్ కట్టి ఒక జత ఇంటికి తెచ్చాను. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్లో టెస్ట్ టోన్ పెడితే ఒక హోరు స్పీకరు తర్వాత స్పీకరుగా గది చుట్టూ తిరుగుతుంది. ముందు ఎడమ, మధ్య, కుడి మూడింట్లోనూ ఒకే గొంతు. వెనక కుడిదాంట్లోకి రాగానే పెంకుటింటి మీద కురుస్తున్న వాన ఉన్నట్టుండి రేకుల మీదికి మారినట్టయింది. సినిమాలో బండి ముందునుంచి వెనక్కి దూసుకుపోతే, సగం దారిలో వేరే బండి అయిపోతుందన్నమాట. మర్నాడే తిరిగిచ్చేశాను. పెద్దాయన ఏమీ అనుకోలేదు, "చెవి ఉంది నీకు" అన్నాడు. ఆ మాటకి ఎంత పొంగిపోయానో!

మా ముందు స్పీకర్లు చేసిన కంపెనీ, అదే వరసలో చిన్న జత ఒకటి చేసేది. అప్పటికి తయారీ ఆగిపోయింది. సికింద్రాబాదులో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర దొరికింది. ఎంతకి కొన్నానో గుర్తులేదు. సన్నటి శబ్దాలు పలికే ట్వీటరు ముందువాటిదే, అంచు రబ్బరు, గాలి రంధ్రం ముందువైపు. రంధ్రం వెనక ఉన్న పెట్టెల్ని గోడకి ఆనిస్తే బేస్ ముద్దైపోతుంది కాబట్టి అది మాకు ముఖ్యం.

రిసీవరుకి ఏడు స్పీకర్ల చోటుంది. పక్కన రెండు, వెనక రెండు పెట్టి మొత్తం వాడాలని నాకు ఒకటే యావ. మా హాలు పద్నాలుగడుగుల పొడవు, పదకొండు వెడల్పు. సోఫా వెనక గోడని అంటుకుని ఉండేది. ఇంక దాని వెనక స్పీకరెక్కడ? ఏడింటి పద్ధతిలో వెనక జత తలకి బాగా వెనక, నూటముప్ఫై అయిదు డిగ్రీల కోణం దాటి ఉండాలి. సోఫా మూడడుగులు ముందుకి లాగుదామన్నాను.

"లాగితే బాల్కనీలోకి ఎటు పోవాల్రా? బట్టలు ఆరేయొద్దూ?" అంది అమ్మ.

వాదించడానికేం లేదు. చివరికి మూరెడు జాగాకి ఒప్పుకుంది. ఆ మూరెడులో అయిదు స్పీకర్ల పద్ధతి హాయిగా ఇమిడింది. రెండు పెట్టెలు పక్కగా, భుజం కంటే కొంచెం వెనక, నూటపది డిగ్రీల దగ్గర. గొంతు కలవని నాలుగింటికంటే కలిసిన రెండు మేలని అప్పుడూ అనుకున్నాను, ఇప్పటికీ అదే చెబుతాను.

మిగిలింది కుడి చివర సీటు. కుడి పెట్టె దానికి మరీ దగ్గర, అక్కడ కూర్చున్నవాళ్లకి తెర మాటకంటే అదే గట్టిగా వినపడుతుంది. నాన్నకి చిన్నప్పుడు చీము కారి కుడి చెవి పోయింది. "నేను కూర్చుంటాలే. ఈ చెవి ఇందుకైనా పనికొస్తుంది" అన్నారు. పెట్టెని చెవికంటే రెండడుగులు పైకెత్తి, అవతలి చివర కూర్చునే అమ్మ వైపు తిప్పాం.

గోడకి బిగించింది 2014 ఫిబ్రవరి 18న. తేదీ గుర్తుండటానికి కారణం స్పీకర్లు కాదు. డ్రిల్లింగ్‌కి వచ్చిన నల్లగొండ కుర్రాడు ఒక బెజ్జం వేసి మిషను పక్కన పెట్టాడు. "సార్, జర టీవీ వెట్టున్రి" అన్నాడు. పెట్టాను. లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారం మధ్యలో ఆగిపోయింది. కాసేపటికి తెలంగాణ బిల్లు పాసయిందని వార్త. కింద వీధిలో టపాసులు పేలాయి. వాడి మొహం వెలిగిపోతోంది, అయినా నాన్న వైపు చూసి మాట్లాడకుండా నిలబడ్డాడు. మేం గుంటూరు జిల్లా వాళ్లమని వాడికి తెలుసు. నాన్నే లేచి లోపల్నుంచి బెల్లం ముక్క తెచ్చి వాడి చేతిలో పెట్టారు. రెండో బెజ్జం ఆ సాయంత్రమే పడిందా, మర్నాడా, నాకు తెలీదు.

కొన్నాళ్లకి, పరీక్షించడానికి ఎవరికీ చెప్పకుండా సినిమా మధ్యలో వెనక పెట్టెలు ఆపేశాను. అమ్మ చూస్తూనే ఉంది. నాన్న తెర మీంచి కళ్లు తిప్పి, "ఏదో ఆపావా?" అన్నారు. శబ్దం ఎటునుంచి వస్తోందో పోల్చుకోవడానికి రెండు చెవులూ కావాలి. ఆయనకి ఆ వీలు లేదు. కానీ గదిలోంచి ఏదో తగ్గిందని పట్టుకున్నది ఆయనే. నా అంతట నేను కొలతలు, కోణాలు ఎంత చదివినా అంత గట్టి మాట ఎక్కడా దొరకలేదు.

నాన్న 2019లో పోయారు. చాలా రోజులు ఆ సీట్లో ఎవరం కూర్చోలేదు. తర్వాత మా ఆవిడ కూర్చుని, "ఈ కుడిది చెవిలో మోగుతోందండీ" అంది. నిజమే, ఆ స్థాయి మేం పెట్టుకున్నది ఆ వైపు వినపడని మనిషి కోసం. రిసీవర్లో కుడి వెనకదాన్ని రెండు డెసిబెల్స్ తగ్గించాను. తగ్గించడానికి మీట నొక్కితే చాలు. అయినా నొక్కేటప్పటికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు మా అమ్మాయికి అట్మాస్ కావాలి. 2012లో హాలీవుడ్ బొమ్మల సినిమాతో మొదలై, 'బాహుబలి' నాటికి మన దాకా వచ్చిన పద్ధతి. తల పైన కూడా స్పీకర్లుంటాయి. కప్పుకి నాలుగు బిగిద్దాం నాన్నా, అంటోంది. పైన వేరే స్పీకర్లు వస్తున్నప్పుడు వెనకవి చెవి ఎత్తుకి దిగాలి, లేకపోతే పైనుంచి వచ్చే శబ్దానికీ వెనకనుంచి వచ్చేదానికీ తేడా తెలీదు.

"అంటే మళ్లీ గోడకి బెజ్జాలా?"

"అవును. ముందు వెనకవి దించుదాం. పైవాటి మాట ఆ తర్వాత."

కొలిచే టేపు తెచ్చింది. సోఫాలో దాని బామ్మని కూర్చోబెట్టి, ఆవిడ చెవి నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవడం మొదలుపెట్టాం.