సంకల్పంలోని దేశం

ఏ పూజకైనా, ఏ వ్రతానికైనా తొలి అంగం సంకల్పం. ఆచమన ప్రాణాయామాలు ముగించి, అక్షతలు చేతబట్టి, కర్త తానెప్పుడు, ఎక్కడ, ఎందుకు ఈ కర్మ చేస్తున్నాడో ప్రకటిస్తాడు. అందులో కాలం బ్రహ్మదేవుని ఆయువులో మొదలై కల్ప, మన్వంతర, యుగ, సంవత్సర, అయన, ఋతు, మాస, పక్షాల మీదుగా నేటి తిథి వరకు దిగివస్తుంది. దేశం కూడా అట్లే మేరు పర్వతం వద్ద మొదలై మనం కూర్చున్న పీట వరకు వస్తుంది. ఏర్పేడు ప్రాంతంలో సంకల్పం చెప్పేవారు శ్రీశైలానికి ఆగ్నేయంగా, కృష్ణా కావేరీ నదుల మధ్యదేశంలో, స్వర్ణముఖీ తీరంలో ఉన్నామని చెప్పుకుంటారు. జిల్లా పేరు, మండలం పేరు అందులో లేవు. జిల్లాలు మారుతాయి. 2022లో మన తిరుపతి కొత్త జిల్లా అయినా సంకల్పంలో ఒక్క అక్షరం మారలేదు. మన చిరునామాకు సాక్షులుగా ఋషులు పర్వతాన్నీ, నదినీ మాత్రమే నిలిపారు.

వేదపాఠశాలలో ఈ వాక్యాలు మాకు అర్థానికి ముందే కంఠస్థమైనాయి. మేరువు ఎక్కడ, కావేరి ఎక్కడ అని అడిగే వయస్సు కాదది. స్వరం తప్పకుండా పలకడమే అప్పటి విద్య. అనంతరం దశాబ్దాల అర్చకత్వంలో ఒక విషయం క్రమంగా స్ఫుటమైంది. సంకల్పమంటే కోరిక చెప్పుకోవడం మాత్రమే కాదు, అది సత్యవాక్కు కూడా. “ఈ నదీతీరంలో” అని పలికినవాడు ఆ నదిని ఎరిగి ఉండాలి. “ఈ పర్వతానికి ఈ దిక్కున” అన్నవాడు ఆ కొండను చూసి ఉండాలి. కనుక మన ఊరి చుట్టూ ఉన్న కొండకోనలలో నడవడాన్ని వినోదంగా కాక, అనుష్ఠానానికి ఒక అంగంగా నేను భావిస్తాను.

ఏర్పేడు పరిసరాలలో ఇప్పుడు ఐఐటీ, ఐసర్ విద్యాసంస్థలు వెలశాయి. దేశం నలుమూలల నుండి వచ్చిన విద్యార్థులు సెలవు దినాలలో భుజానికి సంచులు తగిలించుకొని కొండలవైపు బయలుదేరుతారు. వారిలో ఒక యువకుడు దర్శనానంతరం నన్నడిగాడు: “స్వామీ, ఈ కొండ శిఖరానికి దారి ఉందా?”

“శిఖరం సంగతి నాకు తెలియదు నాయనా. కోనకు దారి ఉంది,” అన్నాను.

అతడు నవ్వాడు. నేను పరిహాసానికి అనలేదు. మన ప్రాంతపు క్షేత్రనామాలను వరుసగా స్మరించండి: తలకోన, కైలాసకోన, వెయ్యిలింగాలకోన, తుంబురుకోన. ఇక్కడి పూర్వులు కొండకు వెళ్ళినప్పుడు వెదకినది ఎత్తును కాదు, నీటిని. రెండు కొండలు ఒరసుకొని లోయ అయ్యే చోట, ఆ లోయలో నీరు పుట్టే చోట శివుని నిలుపుకున్నారు. నారాయణవనం సమీపాన కైలాసకోనలో జలధార చెంతనే శివుడున్నాడు. 270 అడుగుల ఎత్తునుండి నీరు దూకే తలకోనలో సిద్ధేశ్వరస్వామి వెలశాడు. శ్రీకాళహస్తి కొండల నడుమ వెయ్యిలింగాలకోనలో ఒకే లింగంపై సహస్రలింగాలు దర్శనమిస్తాయి. శిఖరాన్ని చేరినవాడు తాను ఎంత ఎత్తున ఉన్నాడో చూసుకుంటాడు. కోనను చేరినవాడు తలవంచి దోసిలి పడతాడు. ఈ రెండు నడకల శ్రమ ఒకటే కావచ్చు, ఫలం మాత్రం ఒకటి కాదు.

ఈ నీటికి కారణం కొండల నిర్మాణంలోనే ఉంది. శేషాచలం పైభాగమంతా క్వార్ట్‌జైట్ అనే కఠినశిల. శిల కఠినమే కాని దాని నిండా పగుళ్ళుంటాయి. వర్షం ఆ పగుళ్ళలో ఇంకి, మెల్లగా క్రిందికి జారి, కోనలలో ఊటగా బయటపడుతుంది. ఆ శిల అడుగున ఇంకా ప్రాచీనమైన గ్రానైట్ పీఠం ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండు శిలలూ కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దానిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. క్రింది శిలకూ పై శిలకూ నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరాల వ్యవధి ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబుతారు. బస్సు కిటికీ నుండి ఒక్క క్షణంలో దాటిపోయే గీత అది. సంకల్పంలో మన్వంతరాలను ఒక్క ఊపిరిలో దాటిపోయే మనకు, ఆ కాలం చేతితో తాకదగినంత దగ్గరలో ఉన్నదని ఆ శిల చెబుతుంది. చక్రతీర్థం చేరువలోని శిలాతోరణం ముందు నిలబడినా ఇదే స్ఫురిస్తుంది. గాలి, నీరు తప్ప వేరే శిల్పి లేని ద్వారమది.

అయితే ఈ కోనలకు ఎప్పుడు వెళ్ళాలనే ప్రశ్నకు కూడా మన పెద్దలు విధి ఏర్పరచారు. తిరుమల అడవులలోని తీర్థాలకు ముక్కోటి దినాలున్నాయి. రామకృష్ణతీర్థానికి పుష్య పూర్ణిమ, కుమారధారకు మాఘ పూర్ణిమ, తుంబురుతీర్థానికి ఫాల్గుణ పూర్ణిమ. ఈ వరుసను నిదానంగా పరిశీలించండి. మన ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనాలు ఆశ్వయుజ, కార్తీక, మార్గశీర్షాలలో వర్షాన్నిస్తాయి. పుష్యం నాటికి వాగుల ఉధృతి తగ్గి, దారులు ఆరి, తీర్థాలు నిండుగా, నిర్మలంగా ఉంటాయి. ఎండ ముదరకముందే ఫాల్గుణంతో యాత్రలు ముగుస్తాయి. పూర్ణిమ కనుక రాత్రి వెన్నెల తోడుంటుంది. ఇక ఏడాదిలో మిగిలిన దినాలన్నీ ఆ అడవి అడవిదే. అక్కడ పెరిగే ఎర్రచందనం సహజంగా ఈ దక్షిణపు తూర్పు కనుమలలో తప్ప లోకంలో మరెక్కడా పెరగదు. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. తీర్థాన్ని తిథితో ముడిపెట్టిన పెద్దలు ఆ పనిని తమ రీతిలో ఎన్నడో చేశారు. ఆ తిథులు భక్తునికి పర్వదినాలు, మిగిలిన దినాలు మృగానికీ వృక్షానికీ విశ్రాంతి.

నడకలోనూ మన సంప్రదాయానికి ప్రత్యేకత ఉంది. శ్రీకాళహస్తిలో కనుమ నాడు స్వామి, అమ్మవార్లు కైలాసగిరి ప్రదక్షిణకు బయలుదేరుతారు. శివరాత్రి బ్రహ్మోత్సవాలలో మరొకసారి వెళతారు. భక్తులు ఉత్సవమూర్తుల వెంట కొండ చుట్టూ నడుస్తారు. కనుమ పశువుల పండుగ. ఆ దినమే గిరిప్రదక్షిణ జరగడం ఆలోచించదగినది. భాగవత దశమస్కంధంలో శ్రీకృష్ణుడు గోపకులచేత గోవర్ధనగిరిని పూజింపజేసి, గోవులను ముందుంచుకొని ప్రదక్షిణ చేయించాడు. పచ్చికనూ నీటినీ ఇచ్చే కొండే మనకు ప్రత్యక్షదైవమని ఆనాటి ఉపదేశం. మన కనుమ నాడు ఆవు మెడలో పూలదండ, కొండ చుట్టూ దేవుని పల్లకి. కొండను కుడివైపున ఉంచుకొని నడిచేవానికి కొండే కేంద్రం, తాను పరిధి. గీత పదవ అధ్యాయంలో భగవానుడు స్థావరాలలో హిమాలయాన్నీ, ప్రవాహాలలో జాహ్నవినీ తన విభూతులుగా పేర్కొన్నాడు. కాళ్ళు నొప్పిపుట్టేలా ఒక కొండ చుట్టూ నడిచివచ్చినవానికి ఆ అధ్యాయం వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది.

తిరుమలలో గోగర్భం వద్ద పన్నెండేళ్ళు తపస్సు చేసిన మలయాళస్వామివారు కొండపైనే ఉండిపోలేదు. దిగివచ్చి 1926లో ఏర్పేడులో వ్యాసాశ్రమాన్ని స్థాపించారు. కులభేదం, స్త్రీపురుష భేదం లేకుండా వేదాంతవిద్యను అందరికీ బోధించారు. కొండ నీరు కోనలోకి, కోన నీరు ఏటిలోకి దిగినట్లు ఆ తపస్సు ఊరిలోకి దిగింది. కొండకు వెళ్ళిరావడంలో రావడమే ముఖ్యమని ఆ మహనీయుని జీవితం చూస్తే తోస్తుంది.

ఇక నది. చంద్రగిరి ప్రాంతపు కొండలలో పుట్టిన స్వర్ణముఖి తొండవాడ వద్ద భీమా, కల్యాణీ నదులతో కలుస్తుంది. తిరుపతి చెంతగా వచ్చి, మన ప్రాంతం మీదుగా శ్రీకాళహస్తిలో ఉత్తరవాహినియై, చివరకు తూర్పు సముద్రాన్ని చేరుతుంది. ఇది జీవనది కాదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడ కనిపించేది ఇసుకే. కాని ఆ ఇసుకే నది శరీరం. వర్షకాలపు నీటిని తనలో దాచుకొని, ఒడ్డున ఉన్న బావులకు వేసవి దాకా అందించేది అదే. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు, ఎండిందనుకున్న ఈ ఏరు తన దారి ఏదో తిరిగి చూపింది.

పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం వెళ్ళి చూడండి. గజపృష్ఠ విమానం క్రింద, నేలమట్టానికి దిగువనున్న గర్భాలయంలో పరశురామేశ్వరుడున్నాడు. సుమారు ఐదడుగుల లింగం. దానిపై యక్షుని భుజాలమీద నిలిచి, చేతులలో పొట్టేలును, పాత్రను, పరశువును ధరించిన శివుడు. ఇది క్రీస్తుపూర్వపు శిల్పమని అనేక పండితుల అభిప్రాయం. ఆ గర్భాలయంలోకి భూగర్భజలం ఉబికివచ్చి స్వామిని అభిషేకిస్తుంది. 2005 డిసెంబరులో అట్లు జరిగింది. అరవై ఏళ్ళకొకసారి ఇది జరుగుతుందని స్థానికుల విశ్వాసం. ఆ అభిషేకానికి బిందె పట్టే అర్చకుడు లేడు. నేల లోపలి నీరు నిండుగా ఉంటే చాలు.

నేల లోపల నీరుండాలంటే ఏటిలో ఇసుక ఉండాలి. ఈ మాట నేను వేదికపై ఉపన్యాసానికి చెప్పడం లేదు. 2017 ఏప్రిల్ 21న మునగలపాలెం రైతులు, ఏటిలో ఇసుక తవ్వకాలను అడ్డుకోవాలని మొరపెట్టుకోవడానికి ఏర్పేడుకు వచ్చారు. రోడ్డు పక్కన గుమిగూడి ఉన్న జనంపైకి ఒక లారీ దూసుకువచ్చింది. పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. నది కోసం మాట్లాడడానికి వచ్చినవారు ఇళ్ళకు తిరిగి చేరలేదు. ఆనాటి నుండి “స్వర్ణముఖీ తీరే” అనే మాట వద్దకు రాగానే నా గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ మాట ఇప్పుడు పలికేవారిని ప్రశ్నిస్తున్నది. నది లేనినాడు నదీతీరం ఉంటుందా? సాక్షి లేని సంకల్పం చెల్లుతుందా?

సాధకులారా, అందుకే నా విన్నపం. ఏడాదికొకసారైనా మీ సంకల్పంలో ఉన్న కొండనూ, ఏటినీ చూసిరండి. ముక్కోటి దినాన వెళ్ళండి. ఇతర దినాలలో అటవీశాఖ అనుమతి లేనిదే అడవిలో అడుగుపెట్టవద్దు. కోనలోని మడుగులు చూపుకు ప్రశాంతంగా ఉంటాయి, లోతు తెలియదు. ఈత రానివారు ఒడ్డుననే ప్రోక్షించుకుంటే తీర్థఫలానికి లోటు లేదు. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సీసానూ, ప్రసాదపు కవరునూ తిరిగి తెచ్చుకోండి. నిర్మాల్యాన్ని సైతం ఎక్కడ విడవాలో విధించిన ధర్మం మనది. ఏటిగట్టున నిలిచినప్పుడు నీరుందా లేదా అని మాత్రమే కాక, ఇసుక ఉందా అని చూడండి. లేకుంటే ఊరిలో నలుగురితో చెప్పండి. అదీ పూజే.

ఆ యువకుడు మరొక ఆదివారం స్నేహితులతో కోనకు వెళ్ళివచ్చి, “స్వామీ, అక్కడ ఏ మంత్రం చెప్పాలి?” అని అడిగాడు. మంత్రానికి ముందు సంకల్పం నేర్పాను. నదిపేరు వద్ద ఆగి, దాని అర్థం చెప్పించుకున్నాడు.

సర్వం శివార్పణమస్తు.